వదినను దాచిపెట్టిన మాట

పోయిన ఆదివారం మా మునిమనవరాలు కొత్త బనియను తొడుక్కుని నా ముందుకొచ్చి నిలబడింది. బనియనంటే దానికి కోపం, టీషర్టు అనాలట. నల్లటి గుడ్డ, దానిమీద ఛాతీకి అడ్డంగా పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలు. కళ్లద్దాలు వెతికి పెట్టుకుని, కూడబలుక్కుని చదివితే "నక్కో" అని ఉంది. ముందూ వెనకా ఇంకో మాట లేదు, ఆ ఒక్కటే. "ఎట్లుంది తాతమ్మా?" అని అటూ ఇటూ తిరిగి చూపించింది. మేం రోజంతా నోటినుంచి ఊరికే పారేసుకున్న మాటను వీళ్లు దుకాణానికి వెళ్లి మరీ కొనుక్కొస్తున్నారన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. సైదాబాదులో మా మూడో అంతస్తు ఇంట్లో నేనంత గట్టిగా నవ్వేసరికి, ముసలిదానికి ఏమయిందోనని వంటింట్లోంచి దాని తల్లి పరుగెత్తుకొచ్చింది. ఏమీ కాలేదు. మా వదిన గుర్తొచ్చింది, అంతే.

అప్పట్లో మా ఇల్లు శాలిబండలో ఉండేది. అఫ్జల్‌గంజ్‌లో మా బాపుకు పప్పుల దుకాణం. నాన్నను బాపు అనేవాళ్లం కాబట్టి ఆయన తల్లి మాకు బాపమ్మ. ఇంటికి ముందు వీధి, వెనక పెద్ద వాకిలి, ఆ వాకిలి గోడలో మనిషి వంగితే పట్టేంత చిన్న తలుపు. ఆ తలుపుకు అవతలి ఇంటి పెద్దావిడను మేమంతా ఖాలా అనేవాళ్లం. గోషా మనిషి, వీధిలోకి రాదు. వీధిలోకి రాని లోటంతా ఆ చిన్న తలుపు గుండా మా ఇంటికొచ్చి తీర్చుకునేది. పక్కింట్లో మరాఠీ వాళ్లు, వాళ్ల ముసలావిడ ఆజీ. సాయంత్రం ఎండ గోడెక్కేసరికి ముగ్గురూ మా వాకిట్లో చేరేవాళ్లు. బాపమ్మ తెలుగులో మొదలుపెట్టిన సంగతిని ఖాలా దక్కనీలో అందుకునేది, ఆజీ మరాఠీలో ముగించేది. మధ్యలో ఎవరికీ ఏదీ అర్థం కాకపోవడమన్నది నేను చూడలేదు. కరివేపాకు రెబ్బ అడిగి తెచ్చుకున్నట్టే ఒకళ్ల దగ్గర మాటలు ఒకళ్లు తెచ్చుకునేవాళ్లు. తిరిగి ఇచ్చిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

అట్లా ఇంట్లో చేరిన మాటల్లో బాపమ్మకు అన్నిటికంటే ప్రాణమైనది నక్కో. వద్దు అని దాని అర్థం. ఆ మాట తెలియనివాళ్లు మా ఊళ్లో ఉండరు గానీ, మా బాపమ్మ వాడినన్ని రకాలుగా వాడినవాళ్లు కూడా ఉండరు. మజ్జిగ ఇంకాస్త పొయ్యమంటావా అంటే నక్కో, అంటే చాలు అని. పిల్లలు మెట్లమీంచి దూకబోతే నక్కో, అంటే పడతారు జాగ్రత్త అని. బాపు మిట్టమధ్యాహ్నం దుకాణానికి బయల్దేరితే నక్కో, అంటే కాస్త ఎండ తగ్గాక వెళ్లమని. ఎవరైనా ఎవరి గురించైనా చాడీలు ఎత్తుకుంటే నక్కో, అంటే ఇక పోనిమ్మని. దేవుడి ముందూ, తనకంటే పెద్దవాళ్ల ముందూ మాత్రం మర్యాదగా వద్దు అనేది. మిగిలిన లోకానికంతా నక్కోయే. అంటున్నప్పుడు నోరు ఒక్కటే కదిలేది కాదు. కుడిచెయ్యి ఎత్తి, అరచేత్తో గాలిని ఇంటి లోపలివైపు నెట్టేది. మా వదిన కొంప ముంచింది సగం ఆ మాట, సగం ఆ చెయ్యి.

మా అన్నకు బందరు వైపు సంబంధం వచ్చింది. నిజాం ఇలాకా పిల్లవాడికి అంత దూరంనుంచి పిల్లను తేవడం అప్పట్లో మా గల్లీలో వింతే. బాపు ఆ వైపు వర్తకుల దగ్గర మినుములు తెప్పించేవాడు. బేరాలాడీ ఆడీ చివరికి వాళ్లలో ఒకాయనతో వియ్యమందుకున్నాడు. వదిన నాకంటే కొంచెమే పెద్దది. అక్కచెల్లెళ్లు లేనిదాన్ని, ఆమె గుమ్మంలో అడుగుపెట్టిన రోజునే ఈమె నాది అనుకున్నాను. అన్నకు చెప్పలేదు గానీ, పెళ్లి ఆయన కోసం కాదు, నా కోసమే జరిగిందని నా లెక్క. ఇద్దరం కలిసి జడలు వేసుకునేవాళ్లం, కలిసి బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లం. చిక్కంతా మాటల దగ్గరే వచ్చేది. అమ్మ ఒకరోజు "ఆ గంజు తే బిడ్డా" అంది. మా వైపు గంజు అంటే అన్నం వండే గిన్నె. వదిన వెళ్లి, వార్చిన గంజి చెంబునిండా పట్టుకొచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ ఆ చెంబును చూసి, ఆమెను చూసి, పాపం ఏమీ అనలేక ఆ గంజి తాగేసింది. ఆ మధ్యాహ్నం వదిన నన్ను పక్కకు పిలిచి, "మీరు మాట్లాడేది తెలుగేనా?" అని ఎంతో మెల్లగా అడిగింది. తెలుగే అని నేను చెప్పినా నమ్మినట్టు కనిపించలేదు.

ఆమె వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఖాలా కొత్తకోడలిని చూడ్డానికి చిన్న తలుపులోంచి వచ్చింది. వదిన పుట్టింటి సారెలో వచ్చిన లడ్లు పళ్లెంలో పెట్టుకుని ముందు బాపమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. బాపమ్మ నోట్లో అప్పటికి ఒక్క పన్ను లేదు. బందరునుంచి వచ్చేసరికే ఎండిపోయిన ఆ లడ్లు సున్నపురాయికి తక్కువేమీ కాదు. "నక్కో బిడ్డా, నక్కో" అని అలవాటు ప్రకారం చెయ్యెత్తి లోపలివైపు ఊపింది. వదిన ముఖం తెల్లబోయింది. ఖాలావైపు ఒకసారి చూసి, పళ్లెంతో సహా గబగబా లోపలికెళ్లి పప్పుబస్తాలుండే అర్రలో తలుపు చాటున నిలబడిపోయింది. బందరు వైపు నక్కడమంటే దాగడం కదా. దాక్కో ఎలాగో నక్కో అలాగే వినిపించింది ఆమెకు. ఎవరో వచ్చారు, కనబడకుండా పో అన్నారనుకుంది. ఈ సంగతి మాకు తెలిసింది ఎంతో కాలం తర్వాత. ఆరోజు మాత్రం ఖాలా బుగ్గమీద వేలు పెట్టుకుని, ఎంత సిగ్గు, పెద్దలంటే ఎంత అదబు ఈ పిల్లకు అని మెచ్చుకుని, లడ్డు తినకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగిందంతా మర్యాదవల్లే జరిగింది. బాపమ్మ నోటినుంచి నక్కో వచ్చినప్పుడల్లా వదిన మాయమయ్యేది. మజ్జిగ వడ్డిస్తుంటే నక్కో అంటే చెంబుతో సహా లోపలికి. ఆజీ వచ్చి కూర్చున్నాక పీట తెస్తుంటే నక్కో అంటే పీటతో సహా లోపలికి. పిల్లలు మెట్లమీద ఉండగా నక్కో అంటే వాళ్లు వెనక్కి తప్పుకునేవాళ్లు. ఓహో, ఈ ఇంట్లో చిన్నవాళ్లు కూడా దాక్కోవాలి కాబోలు అని వదిన సరిపెట్టుకుంది. ఇది నిజాం రాజ్యం, వీళ్లు హిందువులైనా గోషా పాటిస్తారేమోనని ఆమె అనుకుంది. కృష్ణా జిల్లా ఆడవాళ్లు ఇంత గోషాలో ఉంటారని మనకు తెలియదే అని మేమనుకున్నాం. ఒకళ్ల పద్ధతిని ఒకళ్లం కాదనకూడదు కదా. అత్తవారింట్లో ఏం చెప్పినా ఎందుకని అడగొద్దని ఆమెకు వాళ్లమ్మ చెప్పి పంపిందట. పిల్లను ఇబ్బంది పెట్టొద్దని మాకు మా అమ్మ చెప్పింది. ఇంట్లోకి ఎవరొస్తున్నా బాపు గుమ్మంలోనే గట్టిగా దగ్గేవాడు, కోడలికి దాక్కునే వ్యవధి ఇవ్వడానికి. ఆ దగ్గు విని వదిన ఇంకా తొందరగా దాక్కునేది. ఇంతమంది మంచివాళ్లం కలిసి ఒక పిల్లను అర్రలో పెట్టి ఉంచాం.

నాకు గాజులామె వచ్చిన రోజు బాగా గుర్తుంది. లాడ్‌బజారునుంచి నెత్తిన బుట్ట పెట్టుకుని వచ్చి వాకిట్లో దించింది. పైనున్న గుడ్డ తీస్తే ఎండలో ఆ గాజులు ఎట్లా మెరిశాయో, నేనూ వదినా పక్కపక్కన గొంతుక్కూర్చుని నోళ్లు తెరిచి చూస్తున్నాం. వదినకు గాజులంటే పిచ్చి. ఒక ఆకుపచ్చ జత అప్పటికే చేతిలోకి తీసుకుంది. వాటిలో ఒకదానికి సన్నటి బీట కనిపించింది బాపమ్మకు. "నక్కో" అంది. వదిన గాజులు బుట్టలో పెట్టేసి, లేచి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి నేను వెళ్లి చూస్తే కందిపప్పు బస్తాల మధ్య కూర్చుని ఏడుస్తోంది. ఏమయింది వదినా అంటే, కంట్లో నలుసు పడిందంది. పప్పుల అర్ర కదా, దుమ్ము పడి ఉంటుందనుకుని కొంగు నోట్లో పెట్టి ఆవిరి పట్టి ఆమె కంటికి అద్దాను. ఆమె అద్దించుకుంది. నాకు అర్థమయ్యే మాటొకటి ఆ రోజు ఆమె అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

దసరాకు కొంచెం ముందు వాళ్ల ఊరి వర్తకుడొకాయన పనిమీద వచ్చి, వదినను చూసిపోదామని ఇంటికొచ్చాడు. బాగున్నావా అమ్మా అని అడిగితే, అందరూ బాగానే చూస్తారు బాబాయ్, ఎవరైనా వస్తే మాత్రం నక్కోమంటారు అని చెప్పిందట. ఆ మాట ఆయనతోపాటు రైలెక్కి బందరు చేరింది. వారం తిరక్కముందే వదిన తండ్రి మా గుమ్మంలో జట్కా దిగారు. భారీ మనిషి, చేతిలో గొడుగు, భుజాన జరీ ఉత్తరీయం. కాళ్లు కడుక్కోమని నీళ్లిస్తే ముట్టుకోలేదు. వదిన ఎప్పటిలాగే తలుపు చాటునే ఉంది. కన్నతండ్రి ముందుకు కూడా రాని కూతుర్ని చూసి ఆయన కోపం ఇంకో మెట్టెక్కింది.

"చూడండి బావగారూ, మా పిల్లకు వంకరా లేదు, కుంటీ లేదు. నలుగురి కళ్లా పడకుండా దాచిపెట్టుకోడానికి మీకేం నామోషీ వచ్చిందో చెప్పండి" అన్నారు.

"దాచిపెట్టుడేంది బావగారూ? మేమెందుకు దాస్తం?" బాపు లేచి నిలబడ్డాడు. "మీ దిక్కు ఆడిపిల్లలు గట్లనే ఉంటరేమో అనుకున్నం."

"మా వైపా? మా వైపు పిల్లలు తిరనాళ్లంతా చుట్టబెట్టి వస్తారండీ! మీ అమ్మగారే కదా, మనిషి వచ్చినప్పుడల్లా నక్కో నక్కో అంటున్నది?"

అందరం బాపమ్మవైపు తిరిగాం. ఆమెకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ముఖం మారిపోయింది. లడ్డు, మజ్జిగ చెంబు, పీట, గాజులు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఓ నా తల్లీ! నక్కో అంటే దాసుకోమని కాదు నాయనా, వద్దు అని! నాకు పండ్లు లేవు, లడ్డు వద్దన్న. గాజుకు బీటుంటే వద్దన్న. గా పిల్లను నేనెందుకు వద్దంట?" అంటూ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా అయిపోయింది.

వదిన తండ్రి నమ్మలేదు. ఆయన స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదేమో. తెలుగువాళ్లయి ఉండి వద్దు అనడానికి నక్కో అంటారా ఎక్కడైనా, దొరికిపోయాక మాటకు అర్థం మార్చేస్తే ఎలాగండీ అన్నారు. అంతవరకూ చిన్న తలుపు వెనకనుంచి వింటున్న ఖాలాకు ఇక ఉండబట్టలేదు. తలుపు అవతలినుంచే, "హౌ భాయ్‌సాబ్! నక్కో బోలేతో నక్కోచ్!" అని గట్టిగా సాక్ష్యం చెప్పింది. నక్కో అంటే నక్కోయే అని దాని అర్థం. ఆ సాక్ష్యంవల్ల మాకు ఒరిగిందేమీ లేదు. ఆయన లోపలి తలుపు వైపు తిరిగి, "అమ్మాయ్, బట్టలు సర్దుకో. సాయంత్రం బండికి పోదాం. మళ్లీ పంపించేది లేదు" అన్నారు.

మా అన్న స్తంభానికి ఆనుకుని కాలి బొటనవేలును చూసుకుంటున్నాడు. ఆయనెప్పుడూ అంతే, మనసులో ఉన్నది నోటిదాకా వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆమె వెళ్లిపోతే నేను మళ్లీ ఒంటరిదాన్నవుతాను, అదొక్కటే నాకు తెలుసు. బాపమ్మ మాత్రం లేచి, తలుపు వైపు చూస్తూ, "బిడ్డా, నీ మనసుకు ఎట్ల తోస్తే గట్ల చెయ్. పోతనంటే పో. నేనేమనుకోను" అంది. అనుకోననే మనిషి గొంతు అట్లా వణకదు.

అర్రలోంచి వదిన వచ్చింది. తలవంచుకుని గోడవారన రాలేదు. హాలు మధ్యకు వచ్చి, మా అందరి ముందూ, మగవాళ్ల ముందూ, తలెత్తి నిలబడింది. ఇన్ని నెలలూ తలుపు చాటునుంచి తను విన్నదానికి అర్థం ఇప్పుడే తెలిసింది కదా. తనను ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వద్దనలేదని, దాక్కోమనలేదని. ఆ ముఖంలో ఉన్న తేట నేను అంతకుముందు చూడలేదు. తండ్రి కళ్లలోకి చూసి, "నక్కో నాన్నా" అంది.

ఆయన చటుక్కున ఉత్తరీయం సర్దుకుని పక్కనున్న తలుపు చాటుకు అడుగు వేశారు!

అప్పుడే కదా అర్థం చెప్పింది, అప్పుడే కదా వాదించింది. అయినా చెవి తన పాత అర్థమే విన్నది. తలుపు చాటున సగం ఉండగా ఆయనకు తెలిసొచ్చింది. అక్కడే నిలబడి మమ్మల్నందర్నీ చూశారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. ఆయన కూడా నవ్వారు, నవ్వుతూనే ఉత్తరీయం చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. కూతురికి ఊరు మారిందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. "సరేలేమ్మా" అని, కాళ్లు కడుక్కోడానికి నీళ్లు అడిగారు.

భోజనాల దగ్గర బాపమ్మ పక్కనే కూర్చుని దగ్గరుండి వడ్డింపించింది. ఆయన బతికినన్నాళ్లూ ఎన్నిసార్లు మా ఇంటికొచ్చినా పట్టుదలగా వద్దు అనేవారే తప్ప నక్కో అని ఒక్కనాడు అనలేదు. "వద్దు అన్నరంటే ఇంక జర ఎయ్యమన్నట్టే. గట్టిగ వద్దంటే నక్కో అందురు గద" అని బాపమ్మ ఇంకో గరిటె నెయ్యి కుమ్మరించేది. మా ఊరి మాట నేర్చుకోనందుకు ఆయన నడుము చెల్లించిన కప్పం తక్కువేమీ కాదు.

ఆ గొడవ తర్వాత కొన్నాళ్లు మా వాకిట్లో ముసలమ్మలకు వేరే పంచాయితీ దొరికింది. ఇంతకూ ఈ నక్కో ఎవరిది? ఇంత రభస చేసిన మాటకు ఒక పుట్టిల్లు ఉండాలి కదా. బాపమ్మ అది ఉర్దూ అంది. ఖాలా ఒప్పుకోలేదు. ఆమె మరిది లక్నో వెళ్లినప్పుడు అక్కడ నక్కో అంటే, ఇదెక్కడి మాట అని అందరూ నవ్వారట. ఉర్దూ అయితే ఎందుకు నవ్వుతారు? దాంతో ఆజీ చంకలు గుద్దుకుంది. "నకో ఆమ్‌చా శబ్ద ఆహే" అంది, మాదే ఆ మాట అని. వాళ్ల వైపు చంటిపిల్లలు కూడా వద్దనడానికి నకో అంటారట. మరాఠా గుర్రాలు దక్కన్ అంతా తిరిగిన రోజుల్లో మాట కూడా వాటితోపాటు తిరిగి ఉంటుందని ఆమె ఊహ. ఆధారం ఏమిటంటే తన ముక్కుపుడక చూపించేది, అదేదో దస్తావేజు అయినట్టు. ఖాలా కాసేపు ఆలోచించి, మాట ఆజీదే కావచ్చు గానీ దాన్ని ఊరంతా తిప్పి పెంచింది మేమే అంది. ఇద్దరూ అట్లా పంచేసుకుంటుంటే బాపమ్మకు ఏమీ మిగల్లేదు. చిన్నబోయింది. పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న వదిన మెల్లగా, "ఆజీ నకో అంటుంది, మనం నక్కో అంటాం. మరి ఆ ఒత్తు ఎవరిది బాపమ్మా?" అంది. బాపమ్మ కళ్లు మెరిశాయి. "ఒత్తు మాది!" అంది తొడ చరిచి. "మేం తెలుగోళ్లం, ఒత్తు లేంది మాకు గొంతు దిగదు!" పంచాయితీ అక్కడితో తేలిపోయింది. ఆ తీర్పు పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. మా వాకిట్లో మాత్రం మళ్లీ ఎవరూ తిరగదోడలేదు.

ఇదంతా చెప్పేసరికి మా మునిమనవరాలు నేలమీద చతికిలబడి, తన టీషర్టు మీది అక్షరాలకేసి చూసుకుంటోంది. "మరి ఆమె మళ్లెప్పుడు వాళ్లింటికి పోతా అనలేదా తాతమ్మా?" అంది.

"ఎందుకు పోతది? మొన్నటిదాంక ఈడనే ఉండె గద" అన్నాను.

"మొన్నంటే?"

లెక్క చూస్తే వదిన పోయేనాటికి ఈ పిల్ల తల్లి ఇంకా పలక పట్టుకుని బడికి పోతోంది. అది మొన్న ఎట్లయితది అని మునిమనవరాలు ఒకటే నవ్వింది. మా ఊళ్లో అంతే. నిన్న కానిదంతా మొన్నే. పోయిన వారమూ మొన్నే, నిజాం కాలమూ మొన్నే. ఖాలా మొన్నను పర్సోం అనేది, అదీ అంతే. ఈ మాట ఇట్లా సాగింది ఎవరి నోట్లోనో ముగ్గురు ముసలమ్మలూ ఏనాడూ తేల్చుకోలేదు. నాకు తోచేది ఒకటే. తనవాళ్లు పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవడానికి మనసొప్పని మనిషి ఎవరో మొదట అట్లా అని ఉంటారు.